బాడీనా లెన్సా తేల్చుకుందామని ప్రొద్దుటూరు పోయిన రోజు

మా ఇంట్లో ఏడాదిగా ఒకటే పంచాయితీ. నా కెమెరా పాతబడింది. కొత్త బాడీ, అంటే లెన్సు లేని ఒట్టి కెమెరా, కొనాలా, ఉన్న బాడీకే ఒక మంచి లెన్సు కొనాలా అన్నది ఎంతకీ తేలదు. నేను కర్నూలులో ఒక ఆసుపత్రి ల్యాబులో పనిచేస్తాను. వారమంతా సూక్ష్మదర్శినికి కన్ను ఆనించి కూర్చుంటాను, ఆదివారం వస్తే కెమెరాకు ఆనిస్తాను. నీకు రెండు కళ్లు దండగ, ఒకటి చాలు అని మా ఆయన ఎగతాళి. ఆయన ఎగతాళి ఎలా ఉన్నా, చేతిలో ఉన్న డబ్బు ఒక్కదానికే సరిపోతుంది. ఇప్పుడు తప్పు వస్తువు కొంటే, పిల్లల చదువులు పూర్తయ్యేదాకా మళ్లీ ఈ ఇంట్లో కెమెరా మాట ఎత్తే ధైర్యం నాకు లేదు. లెన్సే కొనమని నాకు తెలిసిన వాళ్లంతా చెప్పారు. నా మనసు మాత్రం కొత్త బాడీ మీదే ఉంది.

ఇలా ఊగిసలాడుతుండగా ప్రొద్దుటూరులో స్టూడియో నడిపే మస్తాన్ ఫోన్ చేశాడు. ఫోటోలు తీసేవాళ్ల వాట్సాప్ గుంపులో పరిచయం. ఆయన దగ్గర నా కెమెరా కంపెనీదే, రెండు తరాల తర్వాత వచ్చిన బాడీ ఒకటి, ముఖాలు తీసే ఎనభై ఐదు ఎంఎం లెన్సు ఒకటి అమ్మకానికి ఉన్నాయి. "రెండూ ఒగరోజు తీసుకపోయి వాడు మేడమ్. సాయంత్రానికి ఏది కావాల్నో చెప్పు. బాడీ కోసరం కడప నుంచి ఒగాయన ఎల్లుండి పొద్దున వస్తాండాడు, ఆయన్ను ఆపలేను" అన్నాడు. అలా నాకు ఒక పగలు దొరికింది. ఆ పగలు గండికోట, పులివెందుల తిరిగి రావాలని అప్పటికప్పుడు అనుకున్నాను. కొండలూ మనుషులూ రెండూ తీస్తేనే కదా ఏది కావాలో తెలిసేది.

కర్నూలు నుంచి ప్రొద్దుటూరుకు నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు మీదుగా బస్సులో నాలుగున్నర గంటలు పట్టింది. ముందురోజు సాయంత్రమే దిగి, బస్టాండు దగ్గర లాడ్జిలో గది తీసుకున్నాను. వెయ్యి లోపే దొరికింది, శుభ్రంగానే ఉంది. మస్తాన్ స్టూడియోకి వెళ్లి రెండూ చూశాను. బాడీ ధర ఫోన్‌లో అనుకున్నదే అయినా ఎదురుగా విన్నప్పుడు దిమ్మ తిరిగింది. మా ఆయన స్కూటరు కొన్న ధర అది. లెన్సు అందులో సగం కన్నా తక్కువ. బాడీని చేతిలోకి తీసుకుంటే మాత్రం, నిజం చెప్పాలి, తిరిగి ఇవ్వబుద్ధి కాలేదు. షట్టరు చప్పుడు కూడా ఎంత మెత్తగా ఉందో. నాది నొక్కితే పక్కింటి వాళ్లు తలుపు తీసి చూస్తారు.

మర్నాడు తెల్లవారుజామున బయల్దేరాను. బస్సుల్లో అయితే ఒకే రోజులో ఈ చుట్టు తిరగలేం కాబట్టి కారు మాట్లాడుకున్నాను. డీజిలు, డ్రైవరు భత్యం అన్నీ కలిపి నాలుగు వేలు. డ్రైవరు పేరు ఓబులేసు. ముప్పై ఏళ్లుంటాయి, మాట తక్కువ మనిషి. పొద్దు పొడవగానే జేబులోంచి నల్లద్దాలు తీసి పెట్టుకున్నాడు, ఇక ఆ రోజంతా తీయలేదు. జమ్మలమడుగులో టీ తాగి, ఎండ ముదరకముందే గండికోట చేరాం. ప్రొద్దుటూరు నుంచి గంట ప్రయాణం.

గండికోటకు నేను వెళ్లడం అదే మొదటిసారి. కోట దాటి, బండల మీద నడుచుకుంటూ వెళితే ఉన్నట్టుండి కింద నేల లేదు. ఎర్రటి కొండ నిలువునా చీలిపోయి అడుగున పెన్న కనబడుతుంది. ఫోటోల్లో ఎన్నోసార్లు చూశాను గానీ, కాళ్ల ముందు అంత లోతు చూసేసరికి ఊపిరి ఆగిపోయింది. వెంటనే కొత్త బాడీకి నా పాత లెన్సు తగిలించి తీయడం మొదలుపెట్టాను. లోయంతా పట్టాలని, కంటికి కెమెరా ఆనించుకునే ఒక్కో అడుగూ పక్కకు జరుగుతున్నాను. ఎవరో నా సంచి పట్టీ పట్టుకుని గట్టిగా వెనక్కి లాగారు.

"అక్కా, ఆ మిషను కంటికాన్నించి తీసి ఒగసారి కాళ్లకాడ జూడు" అన్నాడు ఓబులేసు.

చూశాను. నా ఎడమ చెప్పు ముందు భాగం బండ అంచు దాటి గాలిలో ఉంది. గుండె ఝల్లుమని అక్కడే కూలబడ్డాను. కెమెరా పోయుంటే అనుకున్నాను ముందు, నేనే పోయుంటే అన్నది తర్వాత తట్టింది. ఇక్కడికి వచ్చేవాళ్లు ఇది ఒకటి గుర్తుంచుకోండి, అంచుల దగ్గర అన్నిచోట్లా కడ్డీలు లేవు. ఫోటో తీసేటప్పుడు ఒకచోట కూర్చుని తీయండి, నడుస్తూ తీయకండి.

కూర్చునే ఇంకో గంట తీశాను. గండికోటలో బాడీ గెలిచింది, అందులో అనుమానం లేదు. ఒకవైపు ఎండ, ఇంకోవైపు లోయలో చీకటి. నా పాత కెమెరా ఎండను తెల్లగా కాల్చేసింది, చీకటిని మసి చేసింది. కొత్తది రెండింటినీ పట్టింది. ఇక లెన్సు సంగతి, అంత పెద్ద లోయలో దానికి ఒక ముక్క తప్ప ఏమీ కనబడదు. మనసులోనే మస్తాన్‌కు డబ్బు కట్టేశాను. మా ఆయనకు ఎలా చెప్పాలా అన్నదే మిగిలింది.

మళ్లీ జమ్మలమడుగు వచ్చి, ముద్దనూరు మీదుగా పులివెందుల చేరేసరికి రెండు గంటలు పట్టింది. దారి బాగుంది. ముద్దనూరు దాటాక రాళ్ల గుట్టలు పోయి, చీనీ తోటలు, అంటే బత్తాయి తోటలు, అరటి తోటలు మొదలవుతాయి. పులివెందుల ఊళ్లో ఓబులేసుకు తెలిసిన మెస్సులో భోజనానికి ఆగాం. రాగిసంకటి, నాటుకోడి పులుసు, చెనిక్కాయల ఊరిబిండి, అంటే వేరుశనగ పచ్చడి. ఇద్దరికీ కలిపి ఐదు వందలు దాటలేదు. వంట చేసే ఆమె సంకటి ముద్ద వడ్డిస్తూ ఓబులేసును చూసి, "లోపలగూడ అద్దాలేందిరా, సంకటికి ఎండ కొడ్తాందా" అంది. అతను నవ్వి తల వంచుకున్నాడు గానీ అద్దాలు తీయలేదు. నేను కెమెరా తెరమీద గండికోట ఫోటోలు చూపించాను. ఒక్కొక్కటీ నిదానంగా చూసి, చెయ్యి కడుక్కుని వచ్చి కూర్చున్నాడు.

"అక్కా, ఒగ మాట. మనం పోయేదారిలోనే, యేంపల్లె దాటినాక మా ఊరు. మా జేజికి ఒగ ఫోటో తీస్తావా" అన్నాడు. జేజి అంటే వాళ్ల నాయన తల్లి.

"దానికేం, తీస్తాను. ఆమె పుట్టినరోజా ఏమిటి?"

"కాదక్కా. ఆమె సచ్చిపోయినాక పెట్టే పటానికి."

నీళ్లు తాగి, ఆమె పరిస్థితి అంత బాగాలేదా అని మెల్లిగా అడిగాను. "బాగుండాది. పొద్దున్నే గొడ్లకు మేతేసి వచ్చింటాది. పటం మాత్రం ముందే కావల్లంటాది. రెండేండ్లుగా ఇంట్లో ఇదే గలాటా. ఎవురు తీసినా ఆమెకు నచ్చదు" అన్నాడు. ఎండు మిరపకాయలు తెమ్మని చెప్పినట్టు చెప్పాడు.

వేంపల్లె దాటి, వీరపునాయునిపల్లె రోడ్డులో కొంతదూరం వెళ్లాక కారు పక్కదారి పట్టింది. చిన్న పల్లె. వాళ్లది కడప బండలు పరిచిన పాత ఇల్లు. మేం దారిలో ఉండగానే ఫోన్ చేసి చెప్పాడేమో, జేజి అప్పటికే తయారై ఉంది. ముదురు ఆకుపచ్చ పట్టుచీర కట్టుకుని, చెవులకు పెద్ద కమ్మలు పెట్టుకుని నడవలో కుర్చీ వేసుకుని కూర్చుంది. ఎనభై పైనే ఉంటాయి, కూర్చున్న తీరులో మాత్రం ఎక్కడా వంగలేదు.

"నువ్వేనా పాపా ఫోటోల ఆమె. రా, ముందు స్థలం జూడు" అని లేచి నా చెయ్యి పట్టుకుని లోపలి గదిలోకి తీసుకుపోయింది. గోడ మీద ఒక మగమనిషి పటం ఉంది. దాని పక్కన, సరిగ్గా అదే ఎత్తులో, ఖాళీగా ఒక మేకు కొట్టి ఉంది. "ఇది నాది" అంది, బస్సులో సీటు చూపించినట్టు. తన చావు తర్వాతి సంగతి ఇంత తీరిగ్గా చెప్పే మనిషిని నేను ఆసుపత్రిలో కూడా చూడలేదు.

మంచం కింద పెట్టె లాగి అంతకుముందు తీయించుకున్న రెండు ఫోటోలు చూపించింది. మొదటిది ఎవరో మనవరాలు సెల్‌ఫోన్‌లో తీసినది. ఫోన్ దానంతట అదే ముఖానికి సున్నం కొట్టినట్టు తెల్లగా చేసి, ముడతలు తుడిచేసి, కళ్లు పెద్దవి చేసింది. రెండోది ఏదో స్టూడియోలో చేయించినది. తల మాత్రమే ఈమెది. మెడ కింద ఎవరిదో పడుచు ఒళ్లు, ఎర్ర పట్టుచీర, వడ్డాణం. వెనక జలపాతం ఒకటి. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

"నేను పోయినాక నా మనవరాండ్ల పిల్లోల్లు ఈమెకు దండం పెట్టల్లనా" అంది ఆ వడ్డాణం ఆమెను వేలితో పొడుస్తూ.

"ఏం జేజీ, బాగ నగలేసినారు గదా" అని ఓబులేసు ఉడికించాడు.

"నగలు బాగుండాయి. మనిషి నేను గాదు. ఇంట్లో ఇప్పటికే ఒగరు ఉండారు పరాయోల్లు, సాలు" అని గోడ మీది పటం వైపు చెయ్యి చూపించింది.

అప్పుడు ఆ పటాన్ని సరిగ్గా చూశాను. చూసి రెండడుగులు వెనక్కి వేశాను. నలుపు తెలుపు ఫోటో, మీద లేతగా రంగులు వేశారు. తలపాగా చుట్టుకున్న మనిషి, కుర్చీలో కొంచెం పక్కకు వాలి ఉన్నాడు. బుగ్గలు లోపలికి పోయి ఉన్నాయి, పెదవులు బిగుసుకుని ఉన్నాయి, ముక్కు దగ్గర చర్మం సాగి ఉంది. ఆసుపత్రిలో పనిచేసే నాకు ఆ ముఖం ఏమిటో తెలుసు. అది చనిపోయిన మనిషి ముఖం. ఆ ముఖం మీద రెండు పెద్ద పెద్ద నల్లటి కళ్లు, గుడ్లు తిప్పుకోకుండా నన్నే చూస్తున్నాయి. రెప్పల వెంట్రుకలు ఒక్కొక్కటిగా కుంచెతో తీర్చి ఉన్నాయి.

"బతికుండంగా ఆయప్ప ఫోటోకు కూసుండే మనిషి గాదు" అని జేజి తన భర్త గురించి చెప్పింది. "పోయిన రోజు, పటానికి ఏం లేదే అని పట్నం పోయి ఫోటో ఆయన్ను పిల్సుకొచ్చిరి. కుర్చీలో కూసోబెట్టి, వెనక తువ్వాలుతో కట్టి తీసిరి. కండ్లు మూసుకోనుండె గదా, స్టూడియోలో కండ్లు గీసిచ్చిరి. అప్పుడట్ల శానామంది చేయిస్తాండ్రి. గీసినోడు ఆయప్పను బతికుండంగా జూసినోడు గాదు. నన్ను అడిగినోడు గాదు. ఏ రంగో, ఎంతుంటాయో అడగల్ల గదా."

ఇలాంటివి చేసేవారని వినడమే గానీ చూడటం అదే మొదలు. అంతకన్నా అవాక్కయ్యే మాట ఆమె తర్వాత అన్నది. "ముప్పై ఏండ్లు దాటె. ఎవురో పరాయి మొగోడు నా గోడమీద నుంచి నన్నే జూస్తాండాడు. ఈ గదిలో నేను చీరగూడ మార్సుకోను." ఇందులో నవ్వులాట ఏమీ లేదు. కోపంగానే చెప్పింది. అప్పుడు నాకు విషయం అర్థమైంది. ఆమెకు చావంటే భయం లేదు. తాను పోయాక తన ముఖానికీ ఎవరో తెలియని మనిషి కళ్లు గీస్తాడని భయం. అందుకే కళ్లు తెరిచి ఉండగానే, తన కళ్లతో, తన పటం చూసుకుని పోవాలి.

ఇక నా చేతిలో కెమెరాలు బరువెక్కాయి. ముందు కొత్త బాడీతో తీశాను. నడవలో వెలుతురు తక్కువ, అయినా మచ్చ లేకుండా వచ్చింది. తెరమీద చూపిస్తే ఆమె పెదవి విరిచింది. "ఆధార్ కార్డుకు తీసినట్ల ఉండాది. మనిషి ఉండాది, నేను లేను." చివుక్కుమంది గానీ నిజమే. అంత ఖరీదైన బాడీ, ముందున్నది మాత్రం నా పాత లెన్సు. ముఖమూ, వెనక గోడా, గోడ మీది క్యాలెండరూ అన్నీ ఒకే తీరుగా అతుక్కుని ఉన్నాయి.

సరేనని నా పాత కెమెరాకు మస్తాన్ ఇచ్చిన లెన్సు తగిలించాను. దానిలో వెలుతురు వచ్చే రంధ్రం పూర్తిగా తెరిచి, కంటి మీద గురిపెట్టి తీశాను. తెరమీద చూసుకుంటే నేనే నిర్ఘాంతపోయాను. ఆ ముడతల మధ్య రెండు కళ్లు తడితో సహా బతికి ఉన్నాయి. తొమ్మిదేళ్ల నా కెమెరా ఇలాంటిది తీయగలదని నాకు ఇన్నాళ్లూ తెలియదు. గొప్పగా తీసుకెళ్లి చూపించాను.

"కమ్మలు యాడ?" అంది జేజి.

నిజంగానే కమ్మలు లేవు. ఈ లెన్సు పూర్తిగా తెరిస్తే కంటికి గురిపెట్టినప్పుడు చెవులు మసకైపోతాయి. అదే అందమని మేము మురిసిపోతాం. "ఒగ ఏడాది పంట చెనిక్కాయలమ్మి ఆయప్ప చేయించిన కమ్మలు. అవి లేకుండా ఎట్ల" అని ఆమె ఫోటో తిరిగి నా చేతిలో పెట్టింది. ఇక అందం పక్కన పెట్టి, కుర్చీని గడప దగ్గరికి జరిపించాను. మూడు గంటల వెలుతురు వాకిట్లోంచి మెత్తగా ముఖం మీద పడుతోంది. లెన్సు కొంచెం మూసి, చెవుల దాకా తేటగా వచ్చేట్టు మళ్లీ తీశాను. ఈసారి ఆమె కెమెరా రెండు చేతుల్లో పట్టుకుని చాలాసేపు చూసింది. బొటనవేలితో తెరమీది తన బుగ్గను తడిమింది. "ఆ, ఇది నేనే" అంది. ఓబులేసు అటు తిరిగి అద్దాల కింద వేలు పెట్టి కళ్లు తుడుచుకున్నాడు. నేను హాయిగా ఊపిరి పీల్చుకుని లెన్సు విప్పబోయాను.

"ఉండు పాపా, పని గాలేదు" అంది జేజి. "రేయ్ ఓబులేసూ, ఆ అద్దాలు తీసి ఈడ కూసో."

"ఎందుకు జేజీ" అన్నాడు, తీయలేదు. ఆమె కుర్చీలోంచి లేచి, తానే అతని అద్దాలు లాగేసింది. నేను మళ్లీ అదిరిపడ్డాను. నల్లటి ముఖంలో తేనెరంగు కళ్లు. వాకిటి వెలుతురు పడి పచ్చగా మెరుస్తున్నాయి. బడిలో అందరూ పిల్లికండ్లోడు అని ఏడిపించేవారట, పెళ్లిచూపుల్లో ఒక పిల్ల భయపడిందట. అప్పటినుంచీ అద్దాలు తీయడని జేజి చెబుతుంటే, అతను నేలవైపు చూస్తూ నిలబడ్డాడు.

"ఈ ఇంట్లో ఇంగెవురికీ రాలేదు. ఈడి నాయనకు నా కండ్లొచ్చె. ఆయప్ప కండ్లు అచ్చం ఇవే. ఇట్లనే, రెప్ప ఎడమదిక్కు కొంచెం వాలినట్ల. నువ్వు ఈడి కండ్లు తీసి, ఆ పటంలో పెట్టు."

ఆమె అడుగుతున్నది ఏమిటో అర్థం కావడానికి నాకు కొంతసేపు పట్టింది. ఇప్పటిదాకా పరాయి ఒళ్లూ, పరాయి కళ్లూ వద్దని పోట్లాడిన మనిషేనా ఇలా అడిగేది. "అవి మీ మనవడివి జేజీ, ఆయనవి కావు కదా. అది కూడా అబద్ధమే అవుతుంది" అన్నాను.

"ఇప్పుడు ఆడుండేటివి ఎవురివి?" అంది ఆమె.

ఓబులేసు వైపు చూశాను. వద్దంటాడేమో అనుకున్నాను. అతను కుర్చీలో కూర్చుని, తల ఎత్తి, నేరుగా లెన్సులోకి చూశాడు. అంతసేపు ఒక మనిషి ముఖంలోకి అతను చూసి ఎన్నేళ్లయిందో తెలియదు. నేను తీశాను. తర్వాత పటం దించి, వెనక మేకులు ఊడదీసి, అద్దం తీసేసి, ఫోటోను వాకిట్లో ఆనించి అదీ తీసుకున్నాను. అద్దం ఉంటే వెలుతురు తిరిగి కొడుతుంది, పాత ఫోటోలకు నకలు తీసేటప్పుడు ఇది తప్పదు. జేజి ఒక సంచి నిండా చీనీకాయలు ఇచ్చి పంపింది.

వీరపునాయునిపల్లె, ఎర్రగుంట్ల మీదుగా దీపాలు పెట్టేవేళకు ప్రొద్దుటూరు చేరాం. దారంతా నేను తెరమీద ఆ రెండు కళ్లే పెద్దవి చేసి చూసుకుంటూ ఉన్నాను. నల్లగుడ్డు చుట్టూ తేనెరంగు గీతలు ఒక్కొక్కటీ లెక్కపెట్టేంత తేటగా ఉన్నాయి. మస్తాన్ అడగకముందే బాడీ బల్లమీద పెట్టి, లెన్సు నా దగ్గరే ఉంచుకున్నాను.

"నిన్న సాయంత్రం బాడీని సంకన పెట్టుకోని ఇయ్యనంటివి గదా మేడమ్. ఏమాయె" అన్నాడు ఆయన తెల్లబోయి.

జరిగింది చెప్పి, ఓబులేసు కళ్ల ఫోటో చూపించాను. మస్తాన్ చాలాసేపు చూశాడు. "ఆ కాలంలో కండ్లు గీసే పని శానా ఉండె. ఎవురికి గీసినా నల్లవే గీస్తాండ్రి. ఎవురూ అడగకపోయిరి" అని లెన్సు డబ్బా, బిల్లు తెచ్చి ఇచ్చాడు.

కర్నూలు వచ్చాక ఆ పని మొదలుపెట్టడానికి నాకు చేతులు రాలేదు. పటంలోని చనిపోయిన ముఖాన్ని కంప్యూటరులో తెరిచి, మూసేసి, వారం రోజులు గడిపాను. చివరికి ఒక ఆదివారం కూర్చుని, ఆ గీసిన నల్లకళ్లు చెరిపేసి, ఓబులేసు కళ్లు అమర్చాను. రంగు తగ్గించి, పాత ఫోటో గరుకుతనం వాటికీ తెచ్చాను. పెట్టిన క్షణంలో ఆ ముఖం మారిపోయింది. బిగుసుకున్న పెదవులు ఏదో చెప్పకుండా ఆపుకున్నట్టు కనిపించాయి. భయమేసి కంప్యూటరు కట్టేశాను. మర్నాడు రెండు పటాలకూ ఫోటోలు మస్తాన్‌కు పంపాను. ఆయన అచ్చువేసి, ఫ్రేములు కట్టి ఓబులేసుకు ఇచ్చాడు.

ఒక మధ్యాహ్నం ల్యాబులో ఉండగా ఓబులేసు ఫోన్ చేశాడు. "అక్కా, జేజి పటం పెట్టెలో దాంచిపెట్టుకునింది. జేజినాయనది గోడకు పెట్టినా" అన్నాడు. ఆమె ఏమంది అని అడగడానికి నాకు ధైర్యం చాలలేదు. అతనే చెప్పాడు. "మంచంమీద కూసోని ఆకూవక్కా ఏసుకుంటాండె. తలెత్తి జూసింది. జూసి, దిగ్గున లేసి నిలబడింది. మా నాయన బయపడి ఏమైందిమా అంటే, మీ నాయన ముందర నేను ఎప్పుడన్నా మంచంమీద కూసుంటినా అనింది. ఇంగ ఆ గదిలో మంచం వద్దంట. నడవలోకి ఏయమనింది."

ఫోన్ పెట్టేశాక చాలాసేపు నాకు పని సాగలేదు. నేను చేసింది మంచిదో కాదో ఇప్పటికీ నాకు సరిగ్గా తెలియదు. ఎనభై ఏళ్లు దాటిన మనిషి నా వల్ల మళ్లీ లేచి నిలబడాల్సి వచ్చిందే అని ఒకవైపు నొప్పి, ముప్పై ఏళ్ల తర్వాత ఆమె ఇంటికి ఆమె మనిషి వచ్చాడని ఒకవైపు సంతోషం. గండికోటలో బండ అంచున నిలబడినప్పుడు కూడా నాకు ఇంత గుండెదడ రాలేదు. కడప ఆయన బాడీ కొనుక్కుపోయాడట. దాని మెత్తటి షట్టరు చప్పుడు అప్పుడప్పుడు గుర్తొస్తుంది గానీ బాధ లేదు.

బాడీనా లెన్సా అని మీరూ ఊగిసలాడుతుంటే చేయవలసింది ఒకటే. అంగట్లో నిలబడి తేల్చుకోకండి. రెండూ ఒకరోజు అద్దెకు తెచ్చుకుని, మీ ఇంట్లో ఇప్పటిదాకా సరైన ఫోటో లేని మనిషిని గడప దగ్గర, ఎండ నేరుగా పడని చోట, కుర్చీ వేసి కూర్చోబెట్టి తీయండి. తీసి, ఆ మనిషి చేతికే ఇచ్చి చూడమనండి. ఇది నేనే అని ఆ మనిషి దేనితో తీసిన ఫోటో చూసి అంటే, అది కొనండి.